కన్నీళ్ళు సరే, కదిలామా?

(కౌలాలంపూర్ లో జరిగిన తెలంగాణ మిత్రుల నెలవారీ సమావేశంలో "కళ – ప్రజలు" అనే అంశం మీద చేసిన ప్రసంగ పాఠం)



"కళ – ప్రజలు" అనే అంశం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు నేను ముందు వద్దన్నాను. నేను కవిని కాను, గాయకుణ్ణి కాను. పగలంతా కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరో రాసిన ప్రోగ్రాంలో తప్పులు వెతికేవాణ్ణి. పాటలతో నాకున్న సంబంధం ఒక్కటే. హైదరాబాద్ లో చదువుకునే రోజుల్లో ధూంధాం సభల్లో వెనక నిలబడి కోరస్ అందుకున్నాను. స్టేజీ ఎక్కిన వాళ్ళలో నేను లేను, స్టేజీ కింద ఉన్న వేలమందిలో ఒకణ్ణి. కాబట్టి ఈ రోజు కూడా స్టేజీ కింద కూర్చున్న వాళ్ళ గురించే మాట్లాడతాను. పాట వినేవాళ్ళ గురించి, సినిమా చూసేవాళ్ళ గురించి. అంటే మన గురించి.

ఇదే హాల్లో మనమంతా కలిసి "బలగం" సినిమా చూసిన సాయంత్రం మీకు గుర్తుండే ఉంటుంది. చూడని వాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. వేణు ఎల్దండి దర్శకత్వంలో 2023 మార్చిలో వచ్చిన సినిమా అది. సిరిసిల్ల వైపు ఒక పల్లెలో కొమురయ్య అనే పెద్దాయన చనిపోతాడు. మూడో రోజు పిట్టకు పెడతారు, పిట్ట ముట్టదు. మళ్ళీ పెడతారు, మళ్ళీ ముట్టదు. ఎప్పుడో నల్లి బొక్క దగ్గర మొదలైన పట్టింపుతో ఇంటి అల్లుడికి, కొడుకులకు మాటల్లేవు. కుటుంబం ముక్కలైందన్న బాధ ఆ ముసలాయన ప్రాణంలో అట్లాగే ఉండిపోయింది. చివరికి బుడగ జంగాల దంపతులు వచ్చి, చనిపోయినాయన తరఫున పాట అందుకుంటారు. అంతే. ఫైటింగులు లేవు, ఫారిన్ లొకేషన్లు లేవు.

ఆ పాట వచ్చినప్పుడు ఈ హాల్ ఎట్లా ఉందో నేను చూశాను. ప్రాజెక్టు మేనేజర్లు, బ్యాంకు ఉద్యోగులు, రెండు కంపెనీలు నడిపే అన్న ఒకాయన, అందరూ కళ్ళు తుడుచుకుంటున్నారు. లైట్లు వేసిన తరువాత కూడా కాసేపు ఎవరూ ఎవరి మొహం చూడలేదు. నేనూ ఏడ్చాను. దాచుకోవడం ఎందుకు, వెక్కి వెక్కి ఏడ్చాను.

ఎందుకు ఏడ్చానో నాకు తెలుసు. మా నాయనమ్మ 2021 లో పోయింది. అప్పుడు కోవిడ్. 2020 మార్చి 18 న మూసిన ఈ దేశం సరిహద్దులు 2022 ఏప్రిల్ 1 వరకు మామూలుగా తెరుచుకోలేదు. పోతే తిరిగి రావడానికి అనుమతి దొరుకుతుందో లేదో తెలియదు, ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. నేను పోలేదు. పాడె లేవడం వీడియో కాల్ లో చూశాను. మధ్యలో సిగ్నల్ పోయి బొమ్మ ఆగిపోయింది. ఆ ఆగిపోయిన బొమ్మ రెండేళ్ళు నా లోపల అట్లాగే ఉండిపోయింది. ఆ రోజు ఈ హాల్లో అది కదిలింది. మీలో కూడా చాలామందికి ఇట్లాంటి కథ ఒకటి ఉంటుందని నాకు తెలుసు.

తెలంగాణలో ఆ సినిమా చేసిన పని ఇంకా పెద్దది. ఊళ్ళలో గ్రామ పంచాయితీల ముందు తెరలు కట్టి, ఊరంతా చాపలు పరుచుకుని కూర్చుని చూశారు. నిర్మల్ జిల్లాలో భూమి తగాదాతో ఏళ్ళ తరబడి మాటలు లేని అన్నదమ్ములు సినిమా చూసిన తరువాత ఒక్కటయ్యారని పత్రికల్లో చదివాం. ఆలోచించండి మిత్రులారా. పెద్దమనుషులు చెబితే వినలేదు, పంచాయితీలు పెడితే తేలలేదు. రెండు గంటల సినిమా, చివర్లో ఒక పాట ఆ పని చేశాయి. కళకు ఇంత శక్తి ఎక్కడి నుంచి వస్తుంది?

ఆ ప్రశ్నకు జవాబు వెతికే ముందు, ఆ సాయంత్రం సినిమా అయిపోయిన తరువాత జరిగింది చెప్పాలి. ఇప్పటి వరకు ఎవరికీ చెప్పలేదు.

ఇంటికి పోతూ నేను, ఇంకో ఇద్దరు మిత్రులు భోజనానికి ఒక హోటల్ దగ్గర ఆగాం. హోటల్ పేరు అక్కర లేదు, అట్లాంటివి ఈ ఊళ్ళో చాలా ఉన్నాయి. మేము సినిమా గురించే మాట్లాడుకుంటున్నాం. టేబుల్ తుడుస్తున్న కుర్రాడు తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తున్నాడు. ఇరవై ఆరు, ఇరవై ఏడేళ్ళు ఉంటాయి. చివరికి అడిగాడు.

"అన్నా, మీరు బలగం సిన్మ గురించేనా మాట్లాడేది?"

మన దిక్కు పిల్లగాడే. జగిత్యాల పక్కన పల్లె. ఏజెంటుకు రెండు లక్షల దాకా కట్టి వచ్చాడు. సూపర్ మార్కెట్ లో పని అని చెప్పి విజిట్ వీసా మీద పంపాడట ఆ ఏజెంటు. వీసా ఎప్పుడో అయిపోయింది. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంది. సినిమా సగమే చూశానని చెప్పాడు, ఫోన్ లో, డ్యూటీ అయిన తరువాత. డేటా అయిపోయిందట.

"ఆఖరికి పిట్ట ముట్టిందా అన్నా?"

"ముట్టింది తమ్మీ" అన్నాను.

కాసేపు ఏమీ అనలేదు. తరువాత మెల్లగా అన్నాడు. "మా నాయిన పోయి ఎనిమిది నెల్లాయె. నేను పోలే. మా నాయినకు పిట్ట ముట్టలేదట. పెద్దకొడుకు రాకపాయె, అందుకే ముట్టలేదంటున్నరు ఊళ్ళె."

మిత్రులారా, నేను ఏం చేశానో చెబుతాను. అయ్యో అన్నాను. ధైర్యంగా ఉండు తమ్మీ అన్నాను. వచ్చేటప్పుడు యాభై రింగిట్లు చేతిలో పెట్టాను. కారెక్కి ఇంటికి పోయాను. కనీసం పేరు అడగలేదు. ఫోన్ నంబరు తీసుకోలేదు.

గంట క్రితం తెర మీద కొమురయ్యకు పిట్ట ముట్టడం లేదని వెక్కి వెక్కి ఏడ్చిన వాణ్ణి నేనే. గంట తరువాత నిజంగా పిట్ట ముట్టని ఇంటి కొడుకు నా ముందు నిలబడి ఉంటే, యాభై రింగిట్లతో సరిపెట్టిన వాణ్ణి కూడా నేనే. మూడు వారాల తరువాత మనసు ఊరుకోక మళ్ళీ ఆ హోటల్ కు పోయాను. అతను లేడు. ఎక్కడికి పోయాడని అడిగితే తెలియదన్నారు.

అప్పటి నుంచి నన్ను ఒక ప్రశ్న తింటూ ఉంది. మనం తెలుగులో "ఆ పాట నన్ను కదిలించింది" అంటాం కదా. కదిలించడం అంటే ఏమిటి? నిజంగా నేను కదిలానా? ఎక్కడి నుంచి ఎక్కడికి?

దీనికి సగం జవాబు నాకు ఆఫీసులో దొరికింది. మా టీంలో ఒక మలయ్ మిత్రుడు ఉన్నాడు. కెలాంతన్ రాష్ట్రం, కోతా బారు దగ్గర పల్లె. ఒకరోజు మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను ఈ సంగతంతా చెబితే, అతను వాళ్ళ అమ్మమ్మ గురించి చెప్పాడు. ఆమె ఒకప్పుడు మంచం పట్టిందట. తిండి లేదు, మాట లేదు. ఆస్పత్రిలో ఏమీ లేదన్నారు. అప్పుడు ఇంట్లో వాళ్ళు "మాయిన్ పుతెరి" చేయించారట.

మాయిన్ పుతెరి అంటే కెలాంతన్ పల్లెల్లో పాత కాలం నుంచి ఉన్న ఒక చికిత్స. మందులు ఉండవు. పాట, వాద్యం, నాటకం ఉంటాయి. రెబాబ్ అనే మూడు తంతుల వాద్యం వాయించేవాడు ఒకడు, పూనకంలోకి పోయి ఆడి పాడేవాడు ఒకడు, తాళాలు, డోళ్ళు, చుట్టూ ఇరుగుపొరుగు. వాళ్ళ నమ్మకం ప్రకారం ప్రతి మనిషిలో పుట్టుకతో వచ్చే "అంగిన్" ఒకటి ఉంటుంది. అంగిన్ అంటే మలయ్ భాషలో గాలి. మనిషి లోపలి కోరిక, స్వభావం, బయటికి రావాలని కొట్టుకునే శక్తి అన్నమాట. అది బయటికి వచ్చే దారి లేక లోపలే చిక్కుకుపోతే మనిషి జబ్బు పడతాడు. వైద్యం ఏమిటంటే, ఆ మనిషి గాలికి సరిపోయే పాట దొరికే దాకా ఒక దాని తరువాత ఒకటి పాడుకుంటూ పోవడం. కొందరిది దేవ ముడ అనే రాజకుమారుడి గాలి. "మాక్ యోంగ్" అనే నాట్య నాటకంలో నాయకుడు అతను. ఆ కథ, ఆ పాట తగిలినప్పుడు రోగి లోపల చిక్కుకున్నది కదులుతుంది. కారల్ లాడర్మన్ అనే అమెరికన్ మానవ శాస్త్రవేత్త కొన్నేళ్ళు ఇక్కడి పల్లెల్లో ఉండి దీని మీద 1991 లో ఒక పుస్తకమే రాశారు.

నా మిత్రుడు చెప్పిన దాంట్లో నాకు బాగా గుర్తుండిపోయిన మాట ఒకటి ఉంది. "పాట వింటూ మా అమ్మమ్మ ఏడ్చింది. ఏడిస్తే సరిపోదన్నారు. లేచి ఆడే దాకా పాట ఆపలేదు."

ఈ మాట వినగానే నాకు మన ఊరు గుర్తుకు వచ్చింది. గాలి అనే మాట మనకు కొత్త కాదు. "గాలి సోకింది" అంటాం. ఎల్లమ్మ కథ చెబుతూ బైండ్ల వాళ్ళు జమిడిక వాయిస్తుంటే ఎక్కడో మూల కూర్చున్న ఆడమనిషి ఒక్కసారిగా శిగం ఊగడం నేను చిన్నప్పుడు చూశాను. ఏడాదంతా ఎవరికీ చెప్పుకోలేని మాట ఆ ఒక్కరోజు ఆమె నోటి నుంచి వస్తుంది. మొగుడు వింటాడు, అత్త వింటుంది, ఊరు వింటుంది. నమ్మకాల సంగతి పక్కన పెట్టండి. ఆమెకు మాట్లాడే అవకాశం ఇచ్చింది జమిడిక చప్పుడు. అది మాత్రం నిజం.

మన పూర్వులు కూడా దీని గురించి చాలా లోతుగా ఆలోచించారు. భరతుని నాట్యశాస్త్రం మీద వెయ్యేళ్ళ క్రితం కాశ్మీరంలో అభినవగుప్తుడు వ్యాఖ్యానం రాశాడు. నాకు అర్థమైనంత వరకు ఆయన చెప్పింది ఇది. శోకం, ఉత్సాహం, భయం లాంటి భావాలను నాటకం బయటి నుంచి తెచ్చి మనలో పెట్టదు. అవి మనలో ముందే ఉంటాయి. నాటకం వాటిని లేపుతుంది. లేపేటప్పుడు ఇంకో పని కూడా చేస్తుంది. వేదిక మీద ఉన్న దుఃఖం ఫలానా వాడిది, నా దుఃఖం నాది అనే గోడను తీసేస్తుంది. దీన్నే సాధారణీకరణం అన్నారు. కొమురయ్య దుఃఖం కొమురయ్యది మాత్రమే కాదు, మా నాయనమ్మ కోసం నేను పడ్డది నాది మాత్రమే కాదు. ఆ కాసేపు అది అందరిది. అట్లా స్పందించగలిగిన వాణ్ణి సహృదయుడు అన్నారు.

మరి ఆ హోటల్ లో ఏం జరిగింది? గోడ మళ్ళీ లేచింది. హాల్లో అందరిదిగా ఉన్న దుఃఖం, టేబుల్ దగ్గరికి వచ్చేసరికి "పాపం, అతనిది" అయిపోయింది. సరిహద్దులు మూశారని నేను వీడియో కాల్ లో చూసిన చావు, పాస్‌పోర్టు లేక అతను చూడలేకపోయిన చావు, రెండూ ఒకటే అని నాకు ఆ రాత్రి తట్టలేదు. తట్టడానికి మూడు వారాలు పట్టింది.

కళకు మనల్ని కదిలించే శక్తి ఉందని మనం సభల్లో చెప్పుకుంటాం. దాన్ని మనకంటే బాగా నమ్మే వాళ్ళు ఇంకొకరు ఉన్నారు. ప్రభుత్వాలు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు కలిసి 1947 లో "మాభూమి" నాటకం రాశారు. నైజాం తెలంగాణలో రైతుల పోరాటం దాని కథ. ప్రజానాట్యమండలి దళాలు దాన్ని ఊరూరా ఆడాయి. మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నాలుగు తెరలు, కొన్ని గోచీలు, రెండు గొంగళ్ళు ఉన్న నాటకాన్ని చూసి ఒక ప్రభుత్వం ఎందుకు భయపడాలి? నాటకం చూసి ఇంటికి పోయి పడుకునే జనమైతే భయపడేది కాదు. చూసి లేచి, సంఘంలో చేరే జనం కాబట్టి భయపడింది. అదే పేరుతో గౌతం ఘోష్ దర్శకత్వంలో 1979 లో తయారైన సినిమాలో, పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాటను గద్దర్ పాడితే, ముప్ఫై ఏళ్ళ నాటి పాట మళ్ళీ కొత్త తరం నోట్లోకి వచ్చింది.

ఇక్కడ, ఈ దేశంలో కూడా అంతే. కెలాంతన్ లో 1990 లో మతం పేరు మీద అధికారంలోకి వచ్చిన పార్టీ ఆ మరుసటి ఏడే మాక్ యోంగ్ మీద నిషేధం పెట్టింది. మాయిన్ పుతెరి మీద, రామాయణం కథగా ఆడే వాళ్ళ తోలుబొమ్మలాట వాయాంగ్ కులిత్ మీద కూడా ఆంక్షలు వచ్చాయి. 2005 లో మాక్ యోంగ్ ను ప్రపంచ వారసత్వ కళగా యునెస్కో గుర్తించింది. పుట్టిన ఊళ్ళో మాత్రం బహిరంగంగా ఆడే వీలు లేదు. 2019 లో షరతులతో నిషేధం ఎత్తేశారు. ఈ మధ్య కాలమంతా పల్లెల్లో జనం ఆ కళను చాటుమాటుగా బతికించుకున్నారు. టూరిస్టుల కోసం కాదు, తమ ఇంట్లో మంచం పట్టిన మనిషి కోసం. అవసరం ఉన్న కళ అట్లాగే బతుకుతుంది.

మన తెలంగాణ సంగతి మీకు చెప్పనవసరం లేదు. 2002 లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఏం చేసిందో మీరంతా చూశారు. గణాంకాలు, నీళ్ళ లెక్కలు, ఉద్యోగాల లెక్కలు మనం పవర్ పాయింట్లలో ఎన్నో చూపించాం. అవి అవసరమే. కానీ పొలంలో నాటు వేసే తల్లిని సభకు తెచ్చింది పాట. ఆ పాటకు ఒక ప్రత్యేకత ఉంది. పాట అయిపోగానే చేయాల్సిన పని తయారుగా ఉండేది. రేపు ధర్నా ఉంది, ఎల్లుండి వంటావార్పు ఉంది, పదో తారీఖు మిలియన్ మార్చ్ ఉంది. వచ్చిన కన్నీళ్ళు, వచ్చిన కోపం పోవడానికి ఒక కాలువ తవ్వి ఉండేది. 2014 జూన్ 2 న రాష్ట్రం వచ్చింది. ఆ తరువాత మన సభల్లో పాట మిగిలింది, కాలువ పూడిపోయింది. ఇప్పుడు మనం పాట వింటాం, చప్పట్లు కొడతాం, బిర్యానీ తింటాం, ఫోటోలు గ్రూపులో పెడతాం. నన్ను నేను తిట్టుకుంటూనే చెబుతున్నాను, ఎవరూ తప్పుగా అనుకోకండి.

ఈ నేల మీద మన కంటే ముందు వచ్చిన తెలుగు వాళ్ళను కూడా ఒకసారి గుర్తు చేసుకోవాలి. శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి ఓడల్లో వచ్చి పెరాక్ లో కొబ్బరి తోటల్లో, ఇతర చోట్ల రబ్బరు తోటల్లో పనిచేసిన కూలీలు వాళ్ళు. 1938 లో ఇండియా ప్రభుత్వం మలయాకు కూలీలను పంపడం ఆపేసింది. తరువాత యుద్ధం వచ్చింది. 1942–43 లో జపాన్ సైన్యం సయాం నుంచి బర్మాకు వేసిన మరణ రైలుమార్గం పనికి తమిళులతో పాటు ఈ తోటల తెలుగు వాళ్ళను కూడా తీసుకుపోయింది. ఎంతోమంది తిరిగి రాలేదు. మిగిలిన వాళ్ళు ఇక్కడే ఉండి 1955 లో సంఘం కట్టుకున్నారు, 1981 లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు ఇదే కౌలాలంపూర్ లో జరిగే స్థాయికి ఎదిగారు. బాగన్ దాతో వైపు ఒకసారి పోయినప్పుడు ఒక పెద్దాయన నాకు రామ భజన పాడి వినిపించాడు. తెలుగు చదవడం రాదు. కొన్ని మాటలకు అర్థం కూడా తెలియదన్నాడు. కానీ ఒక్క మాట తప్పు పోలేదు, పాడుతుంటే కళ్ళు చెమర్చాయి. "మా అమ్మ రబ్బరు పాలు తీస్తూ పాడేది" అన్నాడు. అక్షరం పోయిన చోట కూడా పాట ఉంది.

ఆ తోటల బిడ్డల కథే 2016 లో పా. రంజిత్ తీసిన "కబాలి" సినిమాకు నేపథ్యం. సినిమా మొదట్లో జైల్లో రజనీకాంత్ ఒక పుస్తకం చదువుతూ కనిపిస్తాడు. అది మన కరీంనగర్ జిల్లా వంగపల్లి మూలాలు ఉన్న వై.బి. సత్యనారాయణ గారు రాసిన "మై ఫాదర్ బాలయ్య". తెలుగులో పి. సత్యవతి గారి అనువాదం "మా నాయన బాలయ్య" ఉంది. ఒక మాదిగ కుటుంబం ఊరి వెలి నుంచి రైల్వే కూలి పని దాకా, అక్కడి నుంచి చదువుల దాకా నడిచిన కథ. మలేషియా తోట కూలీల బిడ్డ కథ చెప్పడానికి ఆ తమిళ దర్శకుడికి తెలంగాణ దళిత కుటుంబం కథ చేతిలో పెట్టాలని అనిపించింది చూడండి. గోడలు తీసేయడం అంటే అది. మనలో చాలామందిమి ఆ సినిమాకు ఈలలు వేశాం. ఆ పుస్తకం ఎంతమందిమి చదివాం?

ఇంకో సంగతి. బలగం చివరి పాటతో మనల్ని ఏడిపించిన ఆ దంపతులు నటులు కారు. నిజంగానే బుడగ జంగాల కళాకారులు, వరంగల్ జిల్లా దుగ్గొండి వాళ్ళు, కొమురమ్మ, మొగిలయ్య. సినిమా వచ్చిన రోజుల్లోనే మొగిలయ్య గారి కిడ్నీలు చెడిపోయి డయాలసిస్ మీద ఉన్నారు. సంగతి తెలిసిన తరువాత సినిమా వాళ్ళు, ప్రభుత్వం, మామూలు జనం కూడా సాయం చేశారు. 2024 డిసెంబర్ లో ఆయన పోయారు. సాయం చేసిన వాళ్ళకు దండం పెట్టాలి, పాట విని లేచిన వాళ్ళు వాళ్ళే. కానీ ఇట్లా ఎంతమంది? సినిమాలో కనిపించని జమిడిక కళాకారుడు, ఒగ్గు కళాకారుడు, శారద కథ చెప్పే ముసలవ్వ మన జిల్లాల్లో ఎంతమంది ఉన్నారు? పాట మనది అంటాం. పాడేవాడు మనవాడు కాదా?

ఇప్పుడు మీలో కొందరికి ఒక సందేహం వచ్చి ఉంటుంది. మొన్న ఒక పెద్దాయన నన్ను అడిగారు కూడా. "ఏమయ్యా, సినిమాకు పోయిన ప్రతివాడు బయటికి వచ్చి ఉద్యమం చేయాలా? కళ అంటే కరపత్రమా? మనిషి కాసేపు ఏడ్చి మనసు తేలిక చేసుకుంటే తప్పేమిటి?"

తప్పు లేదు. నేను ఒప్పుకుంటాను. కళను పనిముట్టుగా మాత్రమే చూస్తే కళ చచ్చిపోతుంది. మనం అధికారిక సభల్లో వినే కొన్ని పాటలు ఎందుకు ఎవరినీ తాకవో మీకు తెలుసు. ఫలానా పని చేయండి అని చెప్పదు బలగం. అందుకే అంత బలంగా తాకింది. దాని పని అది సంపూర్ణంగా చేసింది. నా లోపల రెండేళ్ళుగా ఆగిపోయిన బొమ్మను కదిలించింది. అది చిన్న పని కాదు. నేను అడిగేది సినిమాను కాదు, నన్ను. మనసు తేలిక అయిన తరువాత, ఆ తేలికైన మనసుతో నేను ఏం చేశాను? కెలాంతన్ లో పాట పాడే వాళ్ళకు ఈ సంగతి తెలుసు. ఏడవడం వైద్యంలో సగం. రోగి లేవడం మిగతా సగం. ఆ రెండో సగం పాటగాడు ఒక్కడు చేయలేడు, రోగి కూడా చేయాలి.

ఇంకో మాట కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. పాట అందరినీ మంచి వైపే కదిలిస్తుందని హామీ లేదు. పక్క మతం మీద, పక్క ప్రాంతం మనుషుల మీద ద్వేషం నింపే పాటలు కూడా జనాన్ని లేపుతాయి. ఉద్యమంలో మనం పాడినవన్నీ గొప్ప పాటలేమీ కావు. తేడా ఎట్లా తెలుస్తుంది? నాకు దొరికిన కొలత ఒక్కటే. పాట విన్న తరువాత నాకు మనిషి ఇంకాస్త దగ్గరగా కనిపిస్తున్నాడా, దూరంగా కనిపిస్తున్నాడా? దగ్గరగా కనిపిస్తే మంచి పాట.

అందుకని ఈ రోజు నేను మూడు చిన్న ప్రతిపాదనలు తెచ్చాను. పెద్ద పెద్ద తీర్మానాలు వద్దు, మనం చేయగలిగినవే.

మొదటిది. ఈ ఊళ్ళో హోటళ్ళలో, కన్‌స్ట్రక్షన్ సైట్లలో, తోటల్లో మన జగిత్యాల, నిజామాబాద్, నిర్మల్ పిల్లలు ఉన్నారు. మనం సాంబారు బాగుందని మెచ్చుకునే హోటల్లోనే వెనక గిన్నెలు కడుగుతున్నారు. వాళ్ళతో తెలుగులో మాట్లాడుదాం. పేరు, ఊరు, ఫోన్ నంబరు అడుగుదాం. పని వేళలు, పాస్‌పోర్టు సంగతి అడుగుదాం. ఒకరి పాస్‌పోర్టు ఇంకొకరు పట్టి ఉంచుకోవడం 1966 నాటి ఈ దేశపు పాస్‌పోర్టు చట్టం ప్రకారం నేరం. చాలామంది పిల్లలకు ఆ సంగతే తెలియదు.

రెండోది. పాస్‌పోర్టు లేని వాడికి ఇంటికి పోవడానికి భారత హైకమిషన్ ఎమర్జెన్సీ సర్టిఫికెట్ ఇస్తుంది. కష్టంలో ఉన్న భారతీయుల కోసం, విదేశంలో చనిపోయిన వారి శవాన్ని ఇంటికి పంపడం కోసం 2009 లో ఏర్పడిన భారతీయ సముదాయ సంక్షేమ నిధి ఉంది. కాగితాలు లేని వాళ్ళు జరిమానా కట్టి జైలు లేకుండా వెళ్ళిపోయే అవకాశాలను ఇక్కడి ప్రభుత్వం అప్పుడప్పుడు ఇచ్చింది. 2019 ఆగస్టు 1 నుంచి డిసెంబర్ 31 వరకు "బ్యాక్ ఫర్ గుడ్" పేరుతో 700 రింగిట్ల జరిమానా మీద ఇచ్చింది, 2024 లో మళ్ళీ ఇచ్చింది. ఇట్లాంటివి వచ్చినప్పుడు ఆ కబురు ఇంగ్లీషులో, మలయ్ లో వస్తుంది. దాన్ని తెలుగులో వాళ్ళ ఫోన్లకు చేర్చడం, ఫారం నింపడం, తోడు పోవడం మనకు ఒక శనివారం పని. మనం చదివిన చదువులు ఇంకెందుకు?

మూడోది. ఇకపై మనం ఇక్కడ ఏ సినిమా వేసినా, ఏ పాటల కార్యక్రమం పెట్టినా, మొదటి రెండు వరుసలు ఆ పిల్లల కోసం ఉంచుదాం. టికెట్ లేకుండా. వ్యాన్ పంపి తీసుకువద్దాం. వాళ్ళ మీద జాలితో కాదు. వాళ్ళు పక్కన కూర్చుంటే మన ఏడుపు నిజమైన ఏడుపు అవుతుంది. సినిమా అయిపోయి లైట్లు వెలిగినప్పుడు, మనం ఎవరి కోసం ఏడ్చామో వాళ్ళు మన పక్కనే ఉంటారు. తప్పించుకోలేం.

ఆ హోటల్ కుర్రాడు ఎక్కడ ఉన్నాడో నాకు తెలియదు. మీలో ఎవరికైనా ఎక్కడైనా టేబుల్ తుడుస్తూ, జగిత్యాల యాసలో మాట్లాడుతూ కనిపిస్తే నాకు ఫోన్ చేయండి. అతనికి నేను ఒక మాట బాకీ ఉన్నాను. "ఆఖరికి పిట్ట ముట్టిందా అన్నా?" అని అడిగితే నేను సినిమా సంగతి చెప్పి వచ్చాను. అతను అడిగింది సినిమా గురించి కాదని నాకు ఇప్పుడు అర్థమైంది.

 భోజనాలకు ముందు, బయట టేబుల్ మీద ఒక నోట్ బుక్ పెట్టాను. నెలకు ఒక శనివారం ఇవ్వగలిగిన వాళ్ళు పేరు రాయండి. మొదటి పేరు నాదే రాసి పెట్టాను.

జై తెలంగాణ.